ఉన్న ఊరు వదిలి ఎందుకు పోతారు? మీ ప్రశ్నలకి జవాబులు

పోయిన సంచికలో వలసల మీద ప్రశ్నలుంటే పంపండి అన్నాం, మీరు కుప్పలుగా పంపేశారు. ఒకే విషయం నలుగురైదుగురు అడిగిన చోట కలిపేసి ఒకే ప్రశ్నగా ఇస్తున్నా. వీసా ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, ఏ కన్సల్టెన్సీ మంచిది అని రాసినవాళ్ళకి మాత్రం ఓ దండం, అది నా సబ్జెక్టు కాదు. అసలు మనిషి ఎందుకు కదులుతాడు, ఎందుకు కదలడు, ఈసారికి అదే.

ప్రశ్న: పేదరికం వల్లే జనం వలస పోతారని చదువుకున్నాం. కానీ నాకు తెలిసి ఫారిన్ వెళ్ళినవాళ్ళలో తిండికి లేనివాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరు. పుస్తకం తప్పా, నేను చూసింది తప్పా? (ఓ డిగ్రీ స్టూడెంట్)

జవాబు: తమ్ముడూ, నువ్వు చూసింది తప్పు కాదు, పుస్తకం సగం చెప్పి ఆపేసింది అంతే. లేమి వల్ల పోవాలనే కోరిక పుడుతుంది నిజమే, కానీ కోరికకి బస్సు టికెట్ కూడా రాదు కదా. పాస్‌పోర్టు కావాలి, ఏజెంటుకి ముట్టజెప్పాలి, అక్కడ దిగాక మొదటి జీతం చేతికొచ్చేదాకా బతకాలి, ఆ మధ్యలో ఇక్కడ ఇంట్లోవాళ్ళకి రోజు గడవాలి, పోనీ అప్పు చేద్దామంటే పూచీకి ఏదో ఒకటి చూపించాలి. ఇవేవీ లేనివాడు ఎక్కడికి పోతాడు, మహా అయితే నాలుగు ఊళ్ళ అవతలకి కూలికి పోతాడు.

ఐర్లండ్‌లో 1845 నుంచి 1852 దాకా బంగాళాదుంప పంటకి తెగులొచ్చి పెద్ద కరువు పడింది, సుమారు 10 లక్షలమంది చచ్చిపోయారు, ఇంకో 10 లక్షలకి పైగా దేశం వదిలిపోయారు. అట్లాంటిక్ దాటే ఓడకి ఛార్జీ కట్టగలిగినవాళ్ళు అమెరికాకో కెనడాకో పోయారు, అంత లేనివాళ్ళు అట్లాంటిక్‌కి ఇవతలే, పక్కనే ఇంగ్లండ్‌లో ఉన్న లివర్‌పూల్ దాకా పోయారు, ఆ మాత్రం కూడా లేనివాళ్ళలో చాలామంది ఎక్కడివాళ్ళక్కడే ప్రాణాలు వదిలారు. కరువు అందరికీ ఒకటే, ఎవరు ఎంత దూరం పోగలిగారన్నది మాత్రం చేతిలో ఉన్న డబ్బే తేల్చింది.

దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూసినా ఇదే కనపడుతుంది. బాగా పేద దేశం కాస్త బాగుపడటం మొదలవగానే బయటికి పోయేవాళ్ళు తగ్గరు, పెరుగుతారు. మైకేల్ క్లెమెన్స్ అనే ఎకనమిస్ట్ లెక్క ప్రకారం ధరల తేడా సర్దుబాటు చేశాక తలసరి ఆదాయం ఏడాదికి సుమారు 10 వేల డాలర్లు దాటితే గానీ పోయేవాళ్ళ సంఖ్య దిగడం మొదలవదు. అందుకే "ఆ పేద దేశాలకి కాస్త సాయం పడేస్తే వాళ్ళు ఇటు రారు" అని పెద్ద దేశాల నాయకులు చెప్తుంటే నాకు నవ్వొస్తుంది, జరిగేది రివర్స్, కనీసం మొదటి తరంలో.

సౌత్ కొరియా సంగతే చూడు. 1963 నుంచి 1977 దాకా అక్కడినుంచి సుమారు 8 వేలమంది బొగ్గు గనుల్లో పనికి, 10 వేలకి పైగా ఆడవాళ్ళు నర్సులుగా పశ్చిమ జర్మనీకి పోయారు. ఆ గని పనికి ఎగబడినవాళ్ళలో అప్పటిదాకా గని మొహం కూడా చూడని చదువుకున్న కుర్రాళ్ళు బోలెడుమంది, ఎందుకంటే ఎంపికలో గట్టెక్కగలిగింది వాళ్ళే. అదే కొరియా 2004లో బయటి దేశాల కార్మికుల్ని రప్పించుకోడానికి ప్రత్యేకంగా పర్మిట్ పద్ధతి పెట్టుకుంది. ఇటలీ కూడా అంతే, 1880 నుంచి 1915 మధ్యలో దాదాపు 1.3 కోట్లమంది ఆ దేశం వదిలి పోయారు, ఇప్పుడు జనం పడవలెక్కి ప్రాణాలకి తెగించి ఇటలీకే వస్తున్నారు.

ప్రశ్న: ఎవరింట్లో చూసినా పిల్లలు విదేశాల్లోనే. ప్రపంచం మొత్తం ఇలాగే ఒకచోట ఖాళీ అయి ఇంకోచోటికి పోతోందా?

జవాబు: లేదండీ. పుట్టిన దేశంలో కాకుండా వేరే దేశంలో ఉంటున్నవాళ్ళు ఐక్యరాజ్యసమితి లెక్కలో 2024కి 30.4 కోట్లు. అంకె పెద్దదే గానీ ప్రపంచ జనాభాలో అది 3.7 శాతం, వందమందిలో నలుగురు కూడా కాదు. 1990లో 2.9 శాతం ఉండేది. అంటే పెరిగింది, కానీ వార్తలు చూసి మనం భయపడినంత కాదు. మిగతా తొంభై ఆరుమంది పుట్టిన దేశంలోనే ఉన్నారు, వాళ్ళ గురించి ఎవరూ వార్త రాయరు.

అసలు కదలిక అంతా దేశాల లోపలే. 2009లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళు సొంత దేశంలోనే ఊరు మారినవాళ్ళు సుమారు 74 కోట్లు ఉంటారని, అది కూడా తగ్గించి వేసిన లెక్కే అని చెప్పారు. ఒక్క చైనాలోనే 2020 జనాభా లెక్కల్లో రిజిస్టర్ అయిన ఊళ్ళో కాకుండా వేరేచోట ఉంటున్నవాళ్ళు 37.6 కోట్లమంది తేలారు, అంటే ప్రపంచంలో దేశం దాటినవాళ్ళందరికన్నా ఎక్కువ.

ఇది ఇప్పుడు కనిపెట్టింది కూడా కాదు. రావెన్‌స్టైన్ అని జర్మనీలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఒకాయన (ఆయనే వలస జీవి, చూశారా) 1881 బ్రిటన్ జనాభా లెక్కలు ముందేసుకుని 1885లో ఒక పేపర్ రాశాడు. ఎక్కువమంది దగ్గర దూరాలకే పోతారు, దూరం పోయేవాళ్ళు పెద్ద సిటీలకే పోతారు, ఒకవైపు జనం పోతుంటే ఎదురు దిశలో కూడా కొంతమంది వస్తుంటారు అని అప్పుడే చెప్పేశాడు. పల్లె నుంచి పట్నానికి ఒకడు పోతే ఆ ఖాళీలోకి ఇంకాస్త దూరపు పల్లె నుంచి ఇంకొకడు వచ్చి చేరతాడని కూడా రాశాడు. కాలం మారినా ఇందులో చాలావరకు ఇంకా నిలబడే ఉంది.

ప్రశ్న: మావాడికి ఇక్కడ మంచి ఉద్యోగమే, జీతం కూడా బాగానే ఉంది, ఇల్లుంది, మేమున్నాం. అయినా వెళ్ళిపోతా అంటున్నాడు. వాడికి ఏం తక్కువైందో నాకు అర్థం కావట్లేదు. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, "ఏం తక్కువైంది" అని మీరు అడుగుతున్నది మీ చిన్నప్పటితో పోల్చుకుని, మీవాడు పోల్చుకుంటున్నది వాడి క్లాస్‌మేట్స్‌తో. ఓడెడ్ స్టార్క్ అనే ఎకనమిస్ట్ 1980ల్లో ఈ సంగతి పట్టుకున్నాడు, మనిషి తన సంపాదన ఎంత అని మాత్రమే చూసుకోడు, తన చుట్టూ తను లెక్కలోకి తీసుకునే పదిమందిలో తన ప్లేస్ ఎక్కడ అని చూసుకుంటాడు, ఆ పదిమంది పైకి పోతుంటే జీతం రూపాయి కూడా తగ్గకుండానే తగ్గినట్టు ఉంటుంది.

రెండోది వయసు. ఏ దేశం లెక్కలు తీసినా కదిలేది ఎక్కువగా ఇరవైల్లో, ముప్పైల మొదట్లో ఉన్నవాళ్ళే. లారీ జాస్టాడ్ అనే ఆయన 1962లోనే వలస అంటే పెట్టుబడి లాంటిదే అన్నాడు, ఇప్పుడు ఖర్చు పెట్టి తర్వాత చాలా ఏళ్ళపాటు రాబట్టుకోవాలి, కాబట్టి ముందు ఎన్ని ఏళ్ళ సర్వీసు ఉంటే అంత లాభం. మీవాడు యాభై ఏళ్ళకి వెళ్తా అంటే మీరు ఆశ్చర్యపోవాలి, ఇప్పుడంటే కాదు.

అయితే డబ్బే అంతా అని కూడా అనుకోకండి. జాన్ గిబ్సన్, డేవిడ్ మెకెంజీ అని ఇద్దరు టోంగా, పాపువా న్యూగినీ, న్యూజిలాండ్ దేశాల్లో స్కూల్ టాపర్లు పెద్దయ్యాక ఎక్కడ తేలారో వెతికి పట్టుకుని అడిగారు. బయటికి పోతే ఎవరికి జీతం ఎంత పెరుగుతుంది అన్నదానికీ ఎవరు వెళ్ళారన్నదానికీ అనుకున్నంత లింకు దొరకలేదు. మనిషికి ఓపిక ఎంత, రిస్కుకి ఎంత భయపడతాడు, స్కూల్లో ఏ సబ్జెక్టులు తీసుకున్నాడు, ఇవే ఎక్కువ పనిచేశాయి. ఇంకో మాట, తిరిగొచ్చినవాళ్ళు కూడా డబ్బు చూసుకుని రాలేదు, ఇంటివాళ్ళ కోసం, బతికే తీరు కోసం వచ్చారు. మీవాణ్ణి కూర్చోబెట్టి "జీతం ఎంత ఎక్కువ వస్తుందిరా" అని అడక్కండి, "అక్కడ ఏ పని చేద్దామనుకుంటున్నావు, ఇక్కడ అది ఎందుకు కుదరట్లేదు" అని అడిగి చూడండి. వాడి దగ్గర జవాబు రెడీగా ఉంటే ఆపడం కష్టం, లేకపోతే మీరు ఇంకో ఏడాది టైమ్ అడగొచ్చు.

ప్రశ్న: సిటీలో ఉద్యోగాలు లేవని అందరికీ తెలుసు. తెలిసి తెలిసి అక్కడికే ఎందుకు ఎగబడతారు, బుద్ధి లేకా?

జవాబు: బుద్ధి ఉండే. ఊళ్ళో గ్యారంటీగా ఒక వంతు వస్తుంది, సిటీలో పని దొరికితే మూడు వంతులు వస్తుంది, దొరికే ఛాన్సు సగమే అనుకోండి. సగటున ఒకటిన్నర వంతు. ఒకటి కన్నా ఒకటిన్నర ఎక్కువే కదా, పోతాడు. జాన్ హారిస్, మైకేల్ టొడారో 1970లో చెప్పింది ఇదే. 1964లో కెన్యాలో ప్రభుత్వం, యజమానులు, యూనియన్లు ఒప్పందం చేసుకుని పట్నాల్లో ఉద్యోగాలు పెంచాయి, ఆ మాట విని పల్లెల నుంచి ఇంకా ఎక్కువమంది వచ్చిపడ్డారు, నిరుద్యోగం తగ్గలేదు. కాబట్టి సిటీలో నాలుగు కొలువులు పెంచితే సమస్య తీరుతుందనే మాట నమ్మకండి, ఊళ్ళో ఆ ఒక వంతు పెరిగితేనే లెక్క మారేది.

ప్రశ్న: ఒక ఊరు వాళ్ళంతా ఒకే దేశానికి, ఒకే పనికి పోతారు. పక్క ఊరు వాళ్ళు అసలు కదలరు. రెండు ఊళ్ళకీ వానలు ఒకటే, భూములు ఒకటే. ఎందుకిలా?

జవాబు: మొదట పోయిన ఆ ఒక్కడి వల్ల. వాడు ఎలా పోయాడన్నది చాలాసార్లు యాక్సిడెంటే, ఎవడో కాంట్రాక్టరు వచ్చాడు, ఎవడో మిలిటరీలో చేరి అక్కడిదాకా పోయాడు, అంతే. కానీ వాడు కుదురుకున్నాక రెండోవాడికి ఖర్చు సగం అయిపోతుంది. పడుకోడానికి వాడి రూమ్ ఉంది, వాడి మేస్త్రీకి చెప్తే పని ఉంది, ఏజెంటు మోసగాడా కాదా ముందే తెలుసు, జ్వరమొస్తే చూసేవాడున్నాడు. మూడోవాడికి ఇంకా తేలిక. డగ్లస్ మాసే అనే సోషియాలజిస్ట్ మెక్సికో నుంచి అమెరికా పోయేవాళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేసి ఇదే చూపించాడు, ఒక దశ దాటాక మొదట పంపించిన కారణం మాయమైపోయినా వలస మాత్రం ఆగదు. అమెరికా 1942లో పొలం పనులకి మెక్సికో వాళ్ళని కాంట్రాక్టు మీద పిలిపించే పథకం పెట్టింది, 1964లో ఎత్తేసింది. పథకం పోయింది గానీ దారి తెలిసిపోయింది కదా, కాగితాలు లేకుండానే రావడం మొదలుపెట్టారు.

ఇందులో ఇంకో సంగతి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అక్కడినుంచి వచ్చే కబురు సగం కబురే. ఒకే గదిలో ఒకదాని మీద ఒకటి మంచాలేసుకుని ఎనిమిదిమంది పడుకునే కుర్రాడు ఇంటికి వీడియో కాల్ చెయ్యాలంటే ఆ గదిలోంచి చెయ్యడు, మంచి చొక్కా వేసుకుని కిందకొచ్చి అద్దాల బిల్డింగ్ ముందు నిలబడి చేస్తాడు. అబద్ధం చెప్దామని కాదు పాపం, అమ్మ బెంగపడుతుందని, అప్పిచ్చినవాళ్ళకి ధైర్యంగా ఉండాలని, ఓడిపోయినట్టు కనపడకూడదని. ఇటుపక్క ఆ కాల్ చూసిన పక్కింటి కుర్రాడికి కనపడేది అద్దాల బిల్డింగే. వాడు ఆ లెక్కతోనే అప్పు చేస్తాడు. అక్కడికి పోయి అదే గదిలో తొమ్మిదో మంచం వేసుకున్నాక వాడు కూడా కిందకి దిగే కాల్ చేస్తాడు.

ప్రశ్న: పోతే లాభం అని తెలిసినా కొంతమంది పస్తులుంటారు గానీ ఊరు కదలరు. బద్ధకమే కదా?

జవాబు: ఈ మాట అనే ముందు ఉత్తర బంగ్లాదేశ్‌లో రంగ్‌పూర్ కథ వినండి. అక్కడ వరి నాట్లయ్యాక కోతల దాకా ఏటా రెండు మూడు నెలలు పనులుండవు, ఆ రోజుల్ని మొంగా అంటారు. ఇంట్లో బియ్యం అయిపోతాయి, పూట తగ్గించుకుని తింటారు. అదే టైమ్‌లో బస్సెక్కి పోతే పట్నాల్లో రిక్షా తొక్కే పనో, ఇటుకలు మోసే పనో దొరుకుతుంది. అందరికీ తెలుసు. అయినా చాలా ఇళ్ళనుంచి ఎవరూ పోరు.

2008లో బ్రయన్, చౌధురి, ముబారక్ అనే ముగ్గురు ఎకనమిస్టులు ఆ ఊళ్ళలో కొన్ని కుటుంబాలకి 600 టాకా చేతిలో పెట్టారు, కొందరికి ఊరికే, కొందరికి అప్పుగా, షరతు ఒకటే, ఇంట్లో ఒకళ్ళు పనికి పోవాలి. అప్పటి లెక్కలో ఎనిమిదిన్నర డాలర్లు, దాదాపు బస్సు ఛార్జీ, దాని మీద ఇంకాస్త. ఆ మాత్రం దానికే మామూలుగా పోని ఇళ్ళు వందకి 22 చొప్పున అదనంగా కదిలాయి. అలా పోయినవాళ్ళ ఇళ్ళలో తిండికీ అవసరాలకీ పెట్టే ఖర్చు సుమారు మూడో వంతు పెరిగింది. అసలు విశేషం తర్వాతి ఏడాది. డబ్బు ఇవ్వకపోయినా చాలామంది మళ్ళీ పోయారు, వాళ్ళంతట వాళ్ళే, అది కూడా ఎక్కువగా అంతకుముందు పనిచేసిన యజమాని దగ్గరికే.

మరి మొదటిసారి ఎందుకు పోలేదు? ఎందుకంటే పోయి పని దొరక్కపోతే ఆ బస్సు ఛార్జీ కూడా పోయినట్టే, కడుపు నిండా ఉన్నవాడికి అది చిన్న నష్టం, రోజుకి ఒక పూట తింటున్నవాడికి ఆ పూట కూడా పోవడం. అంచు మీద నిలబడ్డవాడు అడుగు వెయ్యడానికి భయపడితే దాన్ని బద్ధకం అనకూడదండీ. (అదే పథకాన్ని తర్వాత ఇంకా పెద్ద ఎత్తున నడిపితే మొదట్లో వచ్చినంత ఫలితం రాలేదు, 2019లో ఆపేశారు. అది కూడా చెప్పకపోతే నేను కూడా అద్దాల బిల్డింగ్ ముందు నిలబడినట్టే.)

కోరికకీ కాలు కదపడానికీ మధ్య దూరం ఎంతో చెప్పే ఇంకో లెక్క ఉంది. గ్యాలప్ వాళ్ళు 2010 నుంచి 2015 దాకా ప్రపంచమంతా సర్వే చేస్తే వేరే దేశానికి శాశ్వతంగా పోవాలని ఉందన్నవాళ్ళు పెద్దవాళ్ళలో సుమారు 71 కోట్లు తేలారు. ఏడాదిలోపు పోయే ప్లాన్ ఉందన్నవాళ్ళు 6.6 కోట్లు. నిజంగా పాస్‌పోర్టు, వీసా, టికెట్ల పని మొదలుపెట్టినవాళ్ళు 2.3 కోట్లు. వెళ్ళాలని ఉండీ వెళ్ళలేక ఉండిపోయేవాళ్ళ గురించి యోర్గెన్ కార్లింగ్ అనే నార్వే ఆయన కేప్ వెర్డీ దీవుల్లో పనిచేసి 2002లో రాశాడు, ఈ కాలాన్ని వలసల యుగం అనేకన్నా కదలలేకపోయినవాళ్ళ యుగం అంటేనే సరిపోతుందేమో అని నాకు అది చదివాక అనిపించింది.

ప్రశ్న: ఆడవాళ్ళ వలస అంటే పెళ్ళి చేసుకుని అత్తారింటికి పోవడమే కదా. దాన్ని కూడా వలస అనాలా?

జవాబు: ఎందుకనకూడదు? రావెన్‌స్టైన్ లెక్కల్లోనే దగ్గర దూరాలకి మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువ కదిలారు, పెళ్ళికీ, ఇళ్ళలో పనికీ, ఫ్యాక్టరీలకీ. ఇప్పుడు దేశాలు దాటినవాళ్ళలో కూడా దాదాపు సగం, 48 శాతం ఆడవాళ్ళే, నర్సులు, వృద్ధుల్ని చూసుకునేవాళ్ళు, ఇంటిపనివాళ్ళు. చాలా ఇళ్ళు నడిచేది ఆ తల్లి పంపే డబ్బు మీదే.

పెళ్ళి సంగతికొస్తే, అందులో కూడా లెక్క ఉందని చూపించారు రోజెన్‌జ్వైగ్, స్టార్క్. దక్షిణ భారతంలో వానాధారం పల్లెల మీద ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ సేకరించిన వివరాలు తీసుకుని 1989లో పేపర్ రాశారు. పంట ఆదాయం ఏటా ఎక్కువగా ఊగిసలాడే ఇళ్ళవాళ్ళు కూతుళ్ళని మరింత దూరం ఊళ్ళకి ఇస్తున్నారు, ఎందుకంటే రెండు ఊళ్ళకీ ఒకేసారి వాన ఎగ్గొట్టదు, ఇక్కడ ఎండిన ఏడు అక్కడినుంచి సాయం వస్తుంది. ఆ పిల్లని అడిగి చేశారా లేదా అన్నది పేపర్లో లేదు, మనకి తెలుసు. వలస నిర్ణయం ఒక్క మనిషిది కాదు ఇంటిది అని పెద్దలు అంటుంటారు గానీ, ఇల్లు అంటే అందులో ఎవరి మాట చెల్లుతుంది అన్నది అడగాల్సిన ప్రశ్నే.

ప్రశ్న: యుద్ధాలు, వాతావరణ మార్పు వల్ల కోట్లమంది పెద్ద దేశాల మీద పడతారంటున్నారు, నిజమేనా?

జవాబు: 2024 చివరికి బలవంతంగా ఇల్లు వదలాల్సి వచ్చినవాళ్ళు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్కలో 12.3 కోట్లు, అందులో దాదాపు 60 శాతం సొంత దేశంలోనే ఇంకోచోట తలదాచుకున్నారు. మిగిలినవాళ్ళలో కూడా ఎక్కువమంది ఆనుకుని ఉన్న దేశాల్లోనే ఆగిపోయారు. కరువు విషయం ఇంకా విచిత్రం. మాలీలో 1983 నుంచి 1985 దాకా ఘోరమైన కరువొస్తే ఫ్రాన్స్ లాంటి దూర దేశాలకి పోయేవాళ్ళు తగ్గారు, దగ్గర ఊళ్ళకి పోయిన ఆడవాళ్ళు, పిల్లలు పెరిగారు. డబ్బు లేదు, దూరం పోలేరు, మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చాం. ప్రపంచ బ్యాంకు 2021లో వేసిన అంచనా కూడా 2050 నాటికి వాతావరణం దెబ్బకి 21.6 కోట్లదాకా కదలొచ్చని, అయితే అది సొంత దేశాల లోపల.

ప్రశ్న: "రెండేళ్ళు చేసి వచ్చేస్తా" అని పోయినవాళ్ళు రారెందుకు?

జవాబు: చాలామంది వస్తారు, వచ్చినవాళ్ళు కళ్ళముందే ఉంటారు కాబట్టి లెక్కలోకి రారు. రానివాళ్ళ విషయంలో మాత్రం తలుపు ఎంత గట్టిగా మూస్తే అంత గట్టిగా లోపల ఉండిపోతారు. పశ్చిమ జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికుల్ని రప్పించింది, కొన్నాళ్ళు చేసి పోతారనుకున్నారు. 1973లో ఇక కొత్తవాళ్ళు వద్దని ఆపేసింది. అప్పుడేమైంది, ఇంటికి పోతే మళ్ళీ రానివ్వరని భయపడి ఉన్నవాళ్ళు పోలేదు, పెళ్ళాం పిల్లల్నే అక్కడికి తెచ్చుకున్నారు. బ్రిటన్ 1962లో కామన్వెల్త్ దేశాలవాళ్ళకి గేటు బిగిస్తుందని ముందే తెలిసేసరికి, ఆ చట్టం రాకముందే పోదామని జనం ఒక్కసారిగా ఎగబడ్డారు, చట్టం అడ్డుకోవాలనుకున్న పనే ముందుగా జరిగిపోయింది. అమెరికా, మెక్సికో బోర్డర్‌లో కాపలా పెరిగాక కూడా ఇదే, రావడం ఆగలేదు, వెనక్కి పోవడం తగ్గింది.

ప్రశ్న: ఇంతకీ పోయినవాళ్ళు బాగుపడతారా? బాగుపడేవాళ్ళే పోతారు కాబట్టి అలా కనపడుతుందేమో?

జవాబు: భలే ప్రశ్న. చురుకైనవాడే పోతాడు, వాడు ఇక్కడ ఉన్నా పైకొచ్చేవాడేమో, ఎలా తేల్చడం? ఇష్టం ఉన్నా లేకపోయినా కొందరిని కదిలించి, కొందరిని వదిలేస్తే తెలుస్తుంది, అది మనుషులు చెయ్యకూడని పని, ఐస్‌లాండ్‌లో ఒక అగ్నిపర్వతం చేసింది. 1973 జనవరి 23 అర్ధరాత్రి దాటాక హేమేయ్ అనే దీవిలో ఊరి అంచున నేల చీలి లావా ఎగజిమ్మింది. ముందురోజు తుఫాను వల్ల చేపల పడవలన్నీ రేవులోనే ఉండబట్టి ఐదువేలమందికి పైగా జనాన్ని ఆ రాత్రే దాటించేశారు. తర్వాత చూస్తే ఇళ్ళలో సుమారు మూడో వంతు లావా కింద పోయాయి, మిగతావి బూడిద ఊడ్చుకుంటే నిలబడే ఉన్నాయి. ఎవరి ఇల్లు పోతుందన్నది వాళ్ళ తెలివిని బట్టి కాదు, వీధిని బట్టి. ఇల్లు నిలిచినవాళ్ళతో పోలిస్తే ఇల్లు పోయినవాళ్ళే ఎక్కువగా వేరే ఊళ్ళలో స్థిరపడ్డారు.

ఆ ఊరు పేద ఊరేం కాదు, చేపల మీద బాగా సంపాదించే ఊరు. అయినా ఏళ్ళ తర్వాత నాకమురా, సిగుర్డ్‌సన్, స్టైన్‌సన్ అనే పరిశోధకులు లెక్కలు తీస్తే, ఇల్లు పోయి కదలాల్సి వచ్చిన పిల్లలు, పాతికేళ్ళలోపు వాళ్ళు, జీవితమంతా మీద బాగా ఎక్కువ సంపాదించారు, ఎక్కువ చదివారు. వాళ్ళ తల్లిదండ్రులకి మాత్రం లాభం రాలేదు, కాస్త నష్టమే. కారణం ఊహించుకోవచ్చు, చేపలు పట్టడం తప్ప వేరే పని లేని ఊళ్ళో లెక్కల్లో చురుకైన పిల్లాడు కూడా వల పట్టుకునేవాడు, ఊరు మారాక వాడికి సరిపడే పని దొరికింది. చేపల పని వచ్చిన తండ్రికి కొత్త ఊళ్ళో ఆ పనితనం పనికిరాలేదు. లాభం ఒకరికి, ఖర్చు ఇంకొకరికి, ఒకే ఇంట్లో.

ప్రశ్న: ఈ పరిశోధనలన్నీ పక్కన పెట్టండి సార్. నేను వెళ్ళాలా వద్దా, ఒక్క ముక్కలో చెప్పండి.

జవాబు: మీరెవరో, ఏ పనో, ఎంత అప్పో రాయకుండా ఒక్క ముక్క ఎలా వస్తుంది బాబూ. ఒకటి మాత్రం చెయ్యండి. ఇప్పటిదాకా మీరు మాట్లాడింది అక్కడ ఉన్నవాళ్ళతోనే అయ్యుంటుంది, తిరిగొచ్చేసినవాళ్ళని ఒక ఇద్దర్ని పట్టుకోండి, ఫోన్‌లో కాదు ఎదురుగా కూర్చుని అడగండి, మొదటి ఆరు నెలలు ఎక్కడ పడుకున్నారు, చేతికి నిజంగా ఎంత మిగిలింది, ఎందుకు వచ్చేశారు అని. తర్వాత అప్పు ఎవరి పేరు మీద ఉంటుంది, ఏడాది తర్వాత కుదరకపోతే అది ఎవరు కడతారు అని ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి కాగితం మీద రాసుకోండి. ఆ రెండూ అయ్యాక కూడా వెళ్ళాలనే ఉంటే ఉత్తరం రాయండి, వచ్చే సంచికలో ఎటూ ఏజెంట్ల మోసాల మీదే రాయబోతున్నా.